కనుబొమలు లేని ఫొటో

నా ఫోనులో ఒక ఫొటో ఉంది. రెండేళ్లయినా తీసెయ్యలేకపోయాను. అందులో మనిషిది గుండు. మీసం లేదు, కనుబొమలు కూడా లేవు. రెండు అరచేతులూ చాపి, నవ్వకుండా నా వైపే చూస్తుంటాడు. రొట్టె విరిచేటప్పుడల్లా ఆ చేతులు నాకు అడ్డం వస్తాయి.

నేను సింగపూర్‌లో యూ టీ అనే పేటలో ఉంటాను, ఒక బ్యాంకుకు ప్రోగ్రాములు రాస్తాను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం టోవా పాయోలో అద్దె హాలులో కూడుకునే తెలుగు క్రైస్తవులకు సంఘ పెద్దని. పాఠం చెప్పడం, రొట్టె పంచడం నా పని. ఆ పెద్దరికం నాకు కాస్త తలకెక్కిందనే చెప్పాలి.

ఆ ఫొటో వచ్చిన ఏడాది ప్రాచీన ఇశ్రాయేలు యాజకుల గురించి వరసగా పాఠాలు చెప్పాను. దీపం ఆరకుండా చూడటం, ధూపం వేయడం అయ్యాక చర్మరోగాల పాఠం వచ్చింది. ఒంటి మీద పొడ కనిపిస్తే యాజకుడికి చూపించాలి. ఆయన ఏడు రోజులు విడిగా ఉంచి, మళ్ళీ చూసి, శుద్ధుడో కాదో చెప్పాలి. తేలకపోతే ఇంకో ఏడు రోజులు. రోగమని తేలితే పాళెం బయట, అంటే వాళ్ళ గుడారాల విడిదికి అవతల ఉండాలి. నయమైనవాడు బట్టలు ఉతుక్కుని, కనుబొమలతో సహా వెంట్రుకలన్నీ గొరిగించుకోవాలి. కనుబొమల దగ్గర నేనో జోకు వేస్తే అందరూ నవ్వారు. వెనక వరసలో ఒక వెల్డరు మాత్రం నోట్‌బుక్కులో రాసుకుంటున్నాడు.

అతనిది కోనసీమ. సింగపూర్ పడమటి కొసన తువాస్‌లో ఓడల మరమ్మతు పని. బస్సెక్కి, రెండు రైళ్లు మారి, అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసేవాడు.

కొన్నాళ్లకు అతని చేతుల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. పెయింటు కరిగించే మందు పడలేదన్నాడు డాక్టరు. అంటుకునేది కాదని కాగితం కూడా రాసిచ్చాడు. అయినా రొట్టె పళ్ళెం అతని చేతుల మీదుగా వస్తుంటే ఒక ఆంటీ మొహం తిప్పేసుకున్నారు. ఆరాధన అయ్యాక అతన్ని మెట్ల దగ్గరికి పిలిచాను.

"ఓ వారం ఆగు తమ్ముడూ. తగ్గాక చేతులు చూసి చెప్తా, అప్పుడొద్దువుగాని."

"మీరే చూసి చెప్తారు గదండీ అన్నయ్యా?"

"నేనే చూస్తాలే."

ఆంటీకి ఎదురు చెప్పలేని నా పిరికితనానికి పాఠంలోని ఏడు రోజుల్ని అడ్డం పెట్టుకున్నాను. అతను అది నిజంగానే యాజకుడి మాట అనుకున్నాడు.

ఏడో రోజు చేతుల ఫొటో పంపాడు. పొక్కులు మానుతున్నాయి. చూద్దాం అని రాశాను. పద్నాలుగో రోజు ఇంకోటి వచ్చింది, చర్మం మామూలుగా ఉంది. మీటింగులో ఉండి తర్వాత చెబుదామనుకున్నాను, మరిచిపోయాను. మూడో వారం వచ్చిందే ఈ ఫొటో. కింద "అన్నీ చేశానండి" అని రాసి ఉంది. ఫోను బోర్లా పెట్టేశాను. ఏం రాయాలో తెలియక సిగ్గుతో రోజులు దొర్లించాను. ఈలోగా వర్క్ పర్మిట్ గడువు అయిపోయి అతను ఊరెళ్ళిపోయాడు.

మొన్న అదే పాఠం మా అమ్మాయికి చెబుతుంటే అడ్డుపడింది.

"డాడీ, ఆ జబ్బు మనిషి క్యాంప్ లోపలికి రాకూడదు కదా. దెన్ హూ గో అండ్ సీ హిమ్?"

యాజకుడే పాళెం బయటికి వెళ్ళాలి. ముందు ఆయన వెళ్ళి చూడాలి, ఆ తర్వాతే క్షౌరం. నేను ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. తువాస్‌కు నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఆ సాయంత్రమే అతని ఊరి నంబరుకు వీడియో కాల్ చేశాను. భార్య తీసింది. చర్చికి వెళ్తున్నాడా అని అడిగాను.

"వెళ్తారండి. గుమ్మం బయటే కూచుంటారు. లోపలికి రమ్మంటే, సింగపూర్ అన్నయ్యగారు ఇంకా చూళ్ళేదంటారండి. ఉండండి, ఇస్తాను."

వీడియోలో ముందు చేతులు కనిపించాయి, శుభ్రంగా ఉన్నాయి. తర్వాత మొహం కనిపించింది. కనుబొమలు లేవు. ఇదేంటి తమ్ముడూ అని అడిగాను.

"శనివారం శనివారం గీసుకుంటున్నానండి. మీరెప్పుడు చూస్తారో తెలీదు గదండీ."