మాస్టారికి మెమో

2015 నాటి సంగతి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మునిసిపల్ హైస్కూళ్లలో కొత్తగా ప్రమోషన్ వచ్చిన హెడ్మాస్టర్లకు విజయనగరంలో శిక్షణ పెట్టారు. టీచర్ ట్రైనింగ్ కాలేజీలో లెక్చరర్‌గా ఉన్న నన్ను రిసోర్స్ పర్సన్‌గా, అంటే ఆ తరగతులు నడిపే మనిషిగా వేశారు. మన దగ్గర హెడ్మాస్టరును వెతికి ఎంచుకోవడమంటూ ఉండదు. సీనియారిటీ జాబితాలో పేరు పైకి రావాలి, అంతే. పొద్దున లెక్కలు చెప్పుకుంటున్న మనిషి కౌన్సెలింగ్ హాల్లో ఒక సంతకం పెట్టి సాయంత్రానికి హెడ్మాస్టరైపోతారు. బడి నడపడం వచ్చా అని అడిగే నాథుడుండడు. అయ్యాక నేర్పడం నా పని.

ఆ రోజు పాఠం మెమో. తప్పు చేసిన ఉద్యోగిని ‘దీనికి మీ సంజాయిషీ ఏమిటి’ అని రాతపూర్వకంగా అడిగే కాగితం అది. ఇద్దరిద్దరిని నిలబెట్టి, ఒకరిని హెడ్మాస్టరుగా, ఇంకొకరిని టీచరుగా నటించమన్నాను. అందరూ నవ్వుకుంటూ చేసేశారు. నూకరత్నం వంతు వచ్చింది. శ్రీకాకుళం టౌనులో ఒక హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్, నలభై దాటిన మనిషి, లెక్కల టీచరుగా మంచి పేరు. కాగితం పట్టుకుని, ఎదుటివాళ్లకు అందించకుండా నిలబడిపోయింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నాటకంలోనే ఇవ్వలేని మనిషి రేపు బడిలో ఏమిస్తుంది అనుకున్నాను. పైకి అనలేదు లెండి.

టీ విరామంలో వరండాలోకి వచ్చి తనే చెప్పింది.

“నేను నిజంగా మెమో ఇవ్వాల్సింది మా డ్రిల్లు మాస్టారికండి. అప్పలస్వామి మాస్టారు. నా చిన్నప్పుడు నాకూ ఆయనే డ్రిల్లు మాస్టారు.”

నూకరత్నం వాళ్లది కళింగపట్నంలో చేపలవేట చేసుకునే కుటుంబం. ఏడో తరగతితో చదువు మాన్పించి ఎండుచేపల పనిలో పెట్టారు. అంతకుముందు ఆటల పోటీల్లో ఆమె పరుగు చూసిన ఈ మాస్టారు వెతుక్కుంటూ వెళ్లి, తండ్రితో దెబ్బలాడి, టౌనులో తన ఇంట్లోనే పెట్టుకుని, తన బడిలోనే పది దాకా చదివించారు. వాళ్లావిడ అన్నం పెట్టి, జడ వేసి పంపేదట. డ్రిల్లు మాస్టర్లకు హెడ్మాస్టరు ప్రమోషన్ లేదు కాబట్టి ఆయన అక్కడే ఉండిపోయారు. ఆ బడికే శిష్యురాలు అధికారిగా వచ్చింది.

ఈమధ్యే, బడికి ఆలస్యంగా వచ్చిందని ఎనిమిదో తరగతి పిల్ల పైడితల్లిని ఆయన బెత్తంతో బాదారు. పొద్దున్నే చేపల గంపను ఆటోలోంచి దింపి, తల్లి నెత్తికెత్తి వచ్చే పిల్ల అది. మర్నాడు తల్లి వచ్చింది.

“ఏమందో తెలుసాండి? ‘సూడమ్మా, నా పిల్ల సెయ్యి ఎలాగ ఉబ్బిపోనాదో. ఇంక బడికి రానంతాది. నువ్వూ గంప మోసినోళ్ల పిల్లవే గదా, ఏటి సెయ్యాలో నువ్వే సెప్పు’ అంది. నేనేటి చెప్పనండి?”

“మాస్టారితో మాట్లాడారా?”

“మాట్లాడానండి. ‘ఒసే నూకీ, నాకే సెప్పొచ్చినావేటే’ అని నవ్వీసినారు. స్టాఫంతా నవ్వారు. ఈ కుర్చీ నాకొద్దు, మళ్లీ లెక్కల టీచరుగానే వేసేయండని అర్జీ రాసుకున్నాను.”

బడిలో పిల్లల్ని కొట్టడం చట్టప్రకారం నేరమని గుర్తు చేశాను.

“తెలుసండి. మీ నాన్నగారికి మీరు మెమో ఇస్తారా?”

నాకు తోచిందే చెప్పాను. “ఆయనంటే ప్రేమున్న మీరు రాయకపోతే, రేపు ఆ పిల్ల మేనమామలు పోలీస్‌స్టేషన్‌లో రాయిస్తారు. అక్కడ ఆయన్ని ‘మాస్టారూ’ అని పిలిచేవాళ్లుండరు.”

ఆవిడ టీ తాగేసి లోపలికి వెళ్లిపోయింది.

శిక్షణ అయ్యాక బడులకు వెళ్లి చూసి రావడం కూడా నా పనే. నేను వెళ్లేసరికి నూకరత్నం మెమో ఇచ్చేసింది. అప్పట్నుంచీ మాస్టారు మాటలు మానేశారట. తోటి టీచర్లు కూడా ముభావంగా ఉన్నారు. ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి. మేమలా కూర్చునుండగా ఆయనే లోపలికి వచ్చారు. నెరిసిన మీసం, తెల్ల బూట్లు, మెడలో విజిల్. బయటికి వెళ్దామని నేను లేవబోతే “కూకోండి మేడమ్, ఊరందరికీ తెలిసిందే గదా” అన్నారు. నూకరత్నం మాత్రం గబుక్కున లేచి నిలబడింది.

“ఇన్నేళ్లూ పిల్లల్ని కొట్టాను. ఒక్కడు కాయితం ఇవ్వలేదు, నువ్విచ్చినావు. కొట్టబట్టే గదే నువ్వీ కుర్సీలోకి వచ్చినావు?”

“కాదు మాస్టారూ.” అంది నూకరత్నం. “మీరు మా నాన్నతో దెబ్బలాడబట్టి వచ్చాను. మీ ఇంట్లో అమ్మగారు పెట్టిన అన్నం వల్ల వచ్చాను. దెబ్బల వల్ల కాదు. ఇప్పటికీ విజిల్ వినపడితే నా సేతులు ఎనక్కి పోతాయి.”

ఆయన మొహంలోకి నేను చూడలేకపోయాను. ఆ మనిషి మీద కూడా జాలేసింది.

“ఇన్నాళ్లూ సెప్పలేదేటే?”

“అన్నం పెట్టిన మనిషికి ఎలా సెప్పనండి?”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తెల్లకాగితం అడిగి తీసుకుని, కొట్టిన మాట నిజమని, ఇక మీదట కొట్టనని అక్కడే రాసి సంతకం పెట్టారు. ఆవిడ ఇంకా నిలబడే ఉంది. “కూకోవే. సంజాయిషీ తీసుకున్నప్పుడు హెడ్మాస్టరు నిలబడకూడదు” అని కాగితం అందించారు. ఆవిడ కూర్చుని, ఏడుస్తూనే తీసుకుంది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోవడమెందుకు.

తర్వాత మాస్టారు పైడితల్లి ఇంటికి వెళ్లారు. మొదటిసారి తల్లి తిట్టి పంపించేసింది. ఆయన మళ్లీ వెళ్లారు. కొన్నాళ్లకు పిల్ల బడికి వచ్చింది కానీ ఆయన కనిపిస్తే పక్కకు తప్పుకునే పోయేదట. అది ఆయన భరించాల్సిందే. నూకరత్నం తన అర్జీ చింపేసింది.

మేం నేర్పే పాఠాల్లో హెడ్మాస్టరుకూ టీచరుకూ మధ్య ఉద్యోగం తప్ప ఇంకేమీ ఉండదు. మన ఊళ్లలో అలా కుదరదు. స్టాఫ్‌రూములో ఒకాయన గురువు, ఇంకొకాయన బావ, మరొకావిడ చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన పిన్ని. అందుకని తర్వాతి బ్యాచుల్లో, మీకు చదువు చెప్పినవాళ్లు గానీ అన్నం పెట్టినవాళ్లు గానీ మీ బడిలో ఉన్నారా అని ముందే అడిగేదాన్ని. చాలా చేతులు లేచేవి. మెమో ఎలా రాయాలో నేను చెప్పి, అలాంటివాళ్లకు ఎలా ఇవ్వాలో చెప్పడానికి నూకరత్నాన్ని పిలిచేదాన్ని. ఆవిడ ఎప్పుడూ ఇలాగే మొదలుపెట్టేది: “మాస్టారి మీద కోపంతో ఇవ్వలేదండి. ఆ పిల్ల వయసులో నాకోసం ఎవరూ ఇవ్వలేదు, అందుకిచ్చాను.”