గోడ లోపలి పొలిమేర

మా ఊరి పొలిమేర గొడవలో నేనొక్కణ్ణే నలుగురిని పడగొట్టానని చాలామందికి చెప్పాను. విన్నవాళ్లలో సగం మంది పోయారు కాబట్టి ఇప్పుడు కాస్త తగ్గించి చెప్పినా నష్టం లేదు. ఒకణ్ణి పడగొట్టాను. వాడూ నా మీదే పడ్డాడు.

శేరిలింగంపల్లి దాటితే అప్పటికింకా రాళ్లగుట్టలు, జొన్నచేలు. వాటి మధ్య అద్దాల భవనాలు లేస్తున్న రోజులు. ఊరమ్మ జాతరలో దున్నపోతును నరికి, ఆ నెత్తురు కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ చల్లడం మా ఆచారం. దాన్నే పొలి అంటాం. గంప నేల తాకకూడదు, చుట్టు తెగకూడదు. పొరుగూరివాళ్లు పిడికెడు ఎత్తుకుపోయారంటే మన పంటా పాడీ వాళ్ల వెంట పోయినట్టే. అందుకే గంప మోసేవాడి చుట్టూ కర్రలు, గొడ్డళ్లు పట్టుకుని పరుగెత్తుతాం. పొలిమేర మీద కర్రతో కనబడినవాడు పొలిదొంగ. వాణ్ణి అడిగేదేమీ ఉండదు.

ఆ ఏడాది గంప మా అక్క మొగుడి నెత్తిన ఉంది. కిందటి జాతరలో చుట్టు తెగిందని, అందుకే తన కొడుకు జ్వరంతో పోయాడని బావ నమ్మకం. ఇంట్లో ఇంకో బిడ్డ మిగిలి ఉంది.

తెల్లవారుతూనే పడమటి దిక్కుకు చేరాం. అక్కడ కొత్త గోడ. మా పొలిమేర రాయి ఆ గోడ లోపలికి పోయింది. గేటు ముందు నీలం చొక్కాల కావలివాళ్లు లాఠీలతో వరసగా నిలబడ్డారు. నెత్తురు పూసుకుని అరుస్తూ వస్తున్న మమ్మల్ని చూసి వాళ్లేమనుకున్నారో గానీ, మేం మాత్రం వాళ్లను పొరుగూరివాళ్లే అనుకున్నాం.

"ఏషం మార్చుకొని వచ్చిండ్రు దొంగ నా కొడుకులు. ఇయ్యాల ఇడువొద్దు" అన్నాడు మావాడొకడు.

పళ్లు రాలాయి. ఒకడి మోచెయ్యి వెనక్కి విరిగి వేలాడింది. లాఠీ దెబ్బకు బావ నుదుటి చర్మం చీలి కంటిమీదికి జారింది. మోకాళ్ల మీద కూలాడు గానీ గంపను గుండెలకు హత్తుకునే ఉన్నాడు.

"బామ్మర్ది, పట్టు. కింద వెట్టకు. నా బిడ్డ ఉన్నది."

పట్టాను. ఆ గంపతో గోడ దూకానని చెబుతుంటాను. నేను పెరటి దడి కూడా దూకి ఎరగను. గేటు తీసింది బావను కొట్టిన కావలివాడే. వాడొక్కడు మాత్రం నిజంగానే పొరుగూరివాడు. గంపలోకి చూడగానే వాడి చేతిలోని లాఠీ జారిపోయింది.

"పొలి అని తెల్వలేదన్నా. నాకూ పెండ్లాం పిల్లలున్నరు. అమ్మ నా ఇంటి మీదికి రావొద్దు. రా, దారి చూపెడత."

ఒక్క మెతుకూ ముట్టలేదని అందరికీ కనబడాలని చేతులు రెండూ నెత్తిన పెట్టుకుని నా పక్కన నడిచాడు. కొత్తగా పరిచిన పచ్చిక మీద, కార్లు నిలిపే చోట, పొలిమేర రాయి చుట్టూ చల్లుకుంటూ వెళ్లాను. అవతలి గేటు దగ్గర చుట్టు కలిసింది.

మావాళ్లు గోడ బయటినుంచి చుట్టి వచ్చి అక్కడ కాచుకుని ఉన్నారు.

"ఏయ్, బూట్లు చూపియ్యి" అన్నారు వాడితో.

"బూట్లల్ల ఏముంటదన్నా?"

కాలెత్తి చూస్తే అడుగున గాడుల నిండా ఎర్రటి మెతుకులు. సాయంత్రానికి పొరుగూరు చేరబోయే మెతుకులు.

దారి చూపినవాణ్ణి కొట్టొద్దని అడ్డం పడ్డానని ఇన్నాళ్లూ చెప్పాను. పడలేదు. మావాళ్లు వాణ్ణి నేలకేసి తొక్కుతుంటే, గంప పక్కవాడి చేతికిచ్చి, ఆ కావలివాడి కాలు ఒళ్లో పెట్టుకుని పుల్లతో మెతుకులు గీకింది నేనే. పక్కటెముక విరిగిన చప్పుడు కూడా విన్నాను. ఒక్క మెతుకు మిగిలితే బావ బిడ్డ ఏమవుతుందోనని తల ఎత్తలేదు. రెండో బూటు కూడా శుభ్రంగా గీకి, అన్నీ గంపలో వేశాక అన్నాను.

"అయిపోయింది. ఇగ ఇడువుండ్రి."