పంకా లేని విమానం

పాత ఫొటోల్లో చిన్న విమానం కనిపిస్తే అది ఏ రకమో చెప్పడం నా పిచ్చి. ఫిట్టరు పని నుంచి రిటైరయ్యాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది. రెక్కలు ఒక వరుసా రెండు వరుసలా, చక్రాల కాళ్లు ఎట్లా ఉన్నాయి, తోక ఏ ఆకారం, ఇవి చూస్తే చాలు. ఎక్కడెక్కడి వాళ్లో ఫోనుకు ఫొటోలు పంపేవాళ్లు. నేను జవాబు పెడితే దండాల బొమ్మలు వచ్చేవి. ఆ దండాలు నా తలకెక్కాయి.

మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో గని కూలీల ఇళ్ల వరుసలో, అంటే మా లైనులోనే, మూడిళ్ల అవతల ఒక అక్క ఉంది. చుట్టరికం లేదు, చిన్నప్పటి పిలుపు. వాళ్ల నాయన చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి గనిలో చేరిన మనిషి. బతుకంతా భూమి కిందికి దిగిన ఆయన్ను ఒక్కసారి మాత్రం గని దొర ఒకాయన తన చిన్న విమానంలో ఎక్కించుకుని ఊరి మీద ఒక చుట్టు తిప్పాడట. ఈ మాట చెప్పినప్పుడల్లా అక్క మెడ నిటారుగా అయ్యేది. సాక్ష్యం ఒక ఫొటో.

పోయిన ఏడు, భాద్రపద అమావాస్యనాడు వచ్చే పెద్దల పండగకు నన్ను భోజనానికి పిలిచింది. కొత్త పంచె, వడలు, పాయసం పెట్టి, వాటి వెనక నాయన ఫొటో నిలబెట్టింది. ఇల్లంతా చుట్టాలు.

"ఇది ఏం విమానమో నువ్వే చెప్పాలప్పా" అంది.

కళ్లద్దాలు సర్దుకున్నాను. రెండు వరుసల రెక్కలు. టైగర్ మాత్ అనే పాతకాలం రకం. అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కానీ ముక్కున పంకా లేదు. వెనకాల తెల్లటి తెర, నిలువు మడతలతో. ఆ రోజుల్లో స్టూడియోల్లో అట్ట విమానాలు పెట్టి ఫొటోలు తీసేవాళ్లు.

"ఇది అట్ట బొమ్మక్కా. రెక్కలు బాగానే చేసినారు, పంకా పెట్టేది మరిసిపోయినారు. పంకా లేకుండా మీ నాయన యాడికి ఎగిరినాడో!"

అందరూ పగలబడి నవ్వారు. అక్క కోడలు మరీ ఎక్కువ నవ్వింది. అక్క నవ్వలేదు. నా ఆకులో ఇంకో వడ వేసింది. నేను తిన్నాను కూడా.

మొన్న మే నెలలో గట్టి వాన కురిసిన మర్నాడు సైనైడ్ దిబ్బ పక్కన నడుస్తున్నాను. బంగారం తీసేశాక మిగిలిన తెల్లటి రాతిపిండిని కొండలా పోసిన దిబ్బ అది. వాన నీళ్లు పై నుంచి కోసుకుంటూ దిగి, దిబ్బ పొడవునా నిలువు గాడులు పడ్డాయి. అచ్చం ఆ ఫొటోలో నేను చూసిన తెర మడతలు. నా కాళ్లు ఆగిపోయాయి. చిన్నప్పుడు రేకు ముక్క మీద కూర్చుని ఆ గాడుల్లోనే జారినవాణ్ణి. నా నిక్కర్లన్నీ చిరిగింది అక్కడే. పరాయి ఊరివాడు పొరబడితే అర్థముంది. నాకేమొచ్చింది?

పండగ రోజు అక్క నాయన ఫొటోను నా ఫోనులో తీసుకుని ఉన్నాను, ఇప్పుడు దాన్ని పెద్దది చేసి చూశాను. విమానం ముక్కు ముందర పలచటి మసక గుండ్రం. పంకా లేకపోవడం కాదు, తిరుగుతోంది. అక్క నాయన చేతిలో తోలు టోపీ ఉంది. ఎక్కబోయే మనిషి ఫొటో అది. సిగ్గుతో నా చెవులు కాలాయి.

అయినా రెండు వారాలు నోరు మెదపలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, కోడలు పనికి వెళ్లిన వేళ చూసుకుని పోయాను. గోడ మీద ఫొటో ఉండే చోట క్యాలెండరు వేలాడుతోంది. దిబ్బ సంగతి, పంకా సంగతి చెప్పి, "తప్పయిపోయిందక్కా" అన్నాను. ఫొటో యాడ అని అడిగాను.

"పెట్టెలో ఉండాది. నువ్వు తెలిసినోడివి కదా అని, మా నాయన అబద్ధం చెప్పినాడని నా నోటితోనే కోడలి దగ్గర ఒప్పుకుంటిని."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ పొద్దు అందరి ముందర నవ్వించినావు. ఇంగ ఇప్పుడు ఇంట్లో ఎవురూ లేనప్పుడు వచ్చి నా చెవిలో చెప్తాండావు. పెద్దల పండగకు రాప్పా. మా నాయన ముందర, అందరూ వినేట్లు చెప్పు."

"వస్తానక్కా" అన్నాను.

గడప దాటుతుంటే ప్రాణం కాస్త తేలికపడింది. పండగకు ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి కదా అని.