ఆయన చేతిలో నా బొంత

మా ఆయన రిటైరైన మూడో నెలలో స్టీలు ప్లాంటు క్వార్టర్ ఖాళీ చేసి, గాజువాకలో కొనుక్కున్న ఫ్లాటులోకి మారాం. ఇరవై ఏడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి అటక మీద ఏముందో గుర్తుండదు. సామాను దింపుతుంటే పాత డబ్బాలు, అమ్మాయి స్కూలు బ్యాగులు, వాటి వెనకాల నా ట్రంకుపెట్టె బయటపడ్డాయి. కొత్త ఇంటి హాల్లో ఆ పెట్టె మూత తీసింది ఆయనే.

నేను మొదలుపెట్టి వదిలేసిన కుట్టుపనులన్నీ అందులో ఉన్నాయి. ఒక చిలక పూర్తయి రెండో చిలకకి తోకే లేని గోడబొమ్మ. మూడు వైపులా అంచు కుట్టి నాలుగో వైపు అలాగే ఉండిపోయిన టేబుల్ గుడ్డ. గొలుసు కుట్టుతో సగం తీగ పాకిన దిండు గలీబు. చేతులు అతికించని చిన్న గౌను. ఆ గౌను తొడుక్కోవలసిన అమ్మాయికి ఇప్పుడు ముప్పై ఏళ్ళు. అన్నిటికన్నా అడుగున బొంత. మా అమ్మ చీరలు, మా అత్తగారి చీరలు, నా పాత నేతచీరలు పొరలుగా పేర్చి, పైన రంగురంగుల ముక్కలు అతికి, ఒక మూల నుంచి జానెడు జానెడు కుట్టుకుంటూ వచ్చి పావు వంతు దగ్గర ఆపేశాను. సూది కూడా గుచ్చినది గుచ్చినట్టే తుప్పుపట్టింది.

ఆయన ఒక్కొక్కటీ తీసి సోఫా మీద పరిచి లెక్కపెట్టారు. పదకొండు తేలాయి. మెయింటెనెన్సులో ఫోర్‌మన్‌గా చేసిన మనిషి కదా, "ఇన్ని పెండింగ్ జాబులేటే నీయి?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ముఖం చిన్నబోయింది.

అవి ఎందుకు ఆగిపోయాయో నాకు తెలుసు. ఆయన ఒక వారం పొద్దుటి డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఆయన పడుకుంటే చప్పుడు కాకూడదు, లేస్తే వంట కావాలి. మధ్యలో పాప, తర్వాత మంచాన పడ్డ అత్తగారు. అలాగని నేను కుట్టడం మానలేదు. యూనిఫారాల అంచులు దింపాను, చొక్కాలకి గుండీలు వేశాను, చుట్టుపక్కల ఆడవాళ్ళ చీరలకి ఫాల్స్ కుట్టాను, అత్తగారి పక్కమీదకి ఎన్ని మెత్తలు కుట్టానో చెప్పలేను. కుట్టడం పూర్తయినవి వాడగా వాడగా చిరిగిపోయాయి. పూర్తికానివే మిగిలాయి. ఆ రోజు ఈ మాట ఆయనకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఫ్లాటులోకి వచ్చిన కొత్తలో ఆయన కొళాయిలన్నీ బాగుచేశారు, కిర్రుమనే తలుపులకి నూనె పోశారు, ఫ్యాన్లు విప్పి బిగించారు. అన్నీ అయిపోయాక ఏం చెయ్యాలో తెలియక బాల్కనీకీ హాలుకీ మధ్య తిరిగేవారు. ఒకరోజు టిఫిను తిన్నాక బొంత తీసుకుని వచ్చి నా ముందు కూర్చున్నారు. సూదిలో దారం ఎక్కించి చూపించమన్నారు. నాకు సరదా వేసింది. నలుగురికి పని చెప్పే మనిషి నా దగ్గర పని నేర్చుకుంటానంటే ఎందుకు వెయ్యదు? దగ్గర కూర్చుని చూపించాను. ఆయన మొదటి కుట్లు మిడత గెంతినట్టు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పడ్డాయి. వేలు పొడుచుకున్నారు. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పి ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఆ నవ్వు పదిహేను రోజులు కూడా నిలవలేదు. ఆయన సుద్దముక్కతో, స్టీలు స్కేలుతో గీతలు గీసుకోవడం మొదలుపెట్టారు. బొంత జారకుండా పాత కిటికీ చట్రానికి క్లిప్పులు పెట్టి బిగించారు. మార్కెట్టుకి వెళ్ళి ఎవర్నడిగారో ఏమో, వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ తెచ్చుకున్నారు. నాకు అలాంటిది ఉంటుందని తెలుసు, ఎప్పుడూ కొనుక్కోలేదు. నెల తిరిగేసరికి ఆయన కుట్టు చీమల బారులా నడిచింది. దాని పక్కన నేను వెనకటికి కుట్టిన పావు వంతు చూస్తే, బస్సులో కూర్చుని కుట్టినట్టుంది.

మాకు చేపలమ్మే ఆమె అప్పికొండ వైపు నుంచి వస్తుంది. క్వార్టర్లో ఉన్నప్పట్నుంచీ ఆమె దగ్గరే కొంటున్నాం. ఫ్లాటుకి మారాక కూడా వెతుక్కుంటూ వచ్చింది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. గుమ్మంలో గంప దించి, మంచినీళ్ళు తాగి, వాళ్ళింటి సంగతులన్నీ నాకు చెప్పుకునేది. కోడలితో మాట పట్టింపులు, మొగుడి మోకాలి నొప్పి, పడవ సముద్రంలోకి వెళ్ళని రోజుల్లో ఇంట్లో చిరాకులు. ఆ పావుగంట నాదని అనుకునేదాన్ని. ఆయన బాల్కనీ తలుపు దగ్గర బొంత పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాక ఆమె నీళ్ళు తాగి తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళేది. కుట్టు మీద వేలు పెట్టి రాసి చూసేది. వాళ్ళింట్లో మగవాళ్ళంతా వల అల్లేవాళ్ళే, దారం సంగతి ఆమెకి బాగా తెలుసు.

"బాబుది వల కట్టే సెయ్యమ్మా," అంది ఒకరోజు నాతో. "నేర్పితే రాదు ఇది."

నేను గంపలోంచి నెత్తళ్ళ చేపలు ఏరుతున్నాను. తల ఎత్తలేదు. నేర్పింది నేనేనని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది.

తర్వాత పై అంతస్తుల ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలైంది. మగాయనై ఉండి ఎంత ఓపికో అనేవారు. మా ఇంటాయన గుండీ ఊడితే చొక్కా పారేస్తాడనేవారు. వాళ్ళకి కాఫీలు పెట్టింది నేను. ముప్పై ఏళ్ళలో నన్నెవరూ ఆడదానివై ఉండి ఎంత ఓపికో అనలేదు. అందులో అనడానికేముంది అనుకుని ఉంటారు.

మద్దిలపాలెంలో ఉండే మా అమ్మాయి ఒక ఆదివారం వచ్చింది. బొంతని అటూ ఇటూ తిప్పి చూసి, వాళ్ళ నాన్నని దాని వెనక నిలబెట్టి ఫొటో తీసి చుట్టాలందరూ ఉండే గ్రూపులో పెట్టింది. కింద "నాన్న కుట్టిన బొంత" అని రాసింది. సబ్బవరంలో ఉన్న మా తమ్ముడు కూడా బావని మెచ్చుకుంటూ పెద్ద మెసేజి పెట్టాడు. అందులో ఉన్నవి వాడి తల్లి చీరలని వాడికి తట్టలేదు. ఆ సాయంత్రం నేను అమ్మాయికి పచ్చడి కట్టివ్వడం మర్చిపోయాను. మర్చిపోయాననే అందరికీ చెప్పాను.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన బ్యాంకు పనిమీద వెళ్ళారు. నేను గోళ్ళు తీసుకునే బ్లేడు తెచ్చి, బొంత ముందు కూర్చుని, ఆయన కుట్టిన వరసల్లో జానెడు మేర దారం కోసేశాను. కొంచెం కొంచెంగా, అక్కడొకటి ఇక్కడొకటి, ఊడిపోయినట్టు కనబడేలా. కోస్తున్నంతసేపూ హాయిగానే ఉంది. ఆయన వచ్చి చూసుకుని, ముడి సరిగ్గా వెయ్యలేదేమో అనుకుంటూ ఆ జానెడూ మళ్ళీ కుట్టారు. మూడు రోజులాగి మళ్ళీ కోశాను. ఈసారి ఇంకొంచెం ఎక్కువ.

ఆయన ఎవర్నీ అనుమానించలేదు. తననే అనుమానించుకున్నారు. దారం మంచిది కాదేమోనని పూర్ణా మార్కెట్టు దాకా బస్సులో వెళ్ళి వేరే దారం తెచ్చారు. అన్నం తింటూ, చెయ్యి పట్టు తప్పుతోందేమో, వయసు వస్తోంది కదా అన్నారు. నేను ఆయన కంచంలో ఇంకో గరిటె పులుసు పోశాను.

"ముడి నిలవడం లేదే. నీకు తెలిసిన ముడి ఏదైనా ఉంటే సెప్పు," అన్నారు.

సూదికి దారం మూడు చుట్లు తిప్పి లాగే ముడి ఒకటి మా అమ్మ వేసేది. అది చూపించాను. ఆయన నాలుగుసార్లు వేసి చూసుకుని, చిన్నపిల్లాడిలా సంతోషించారు.

ఆ వారమే చేపలామె వచ్చింది. ఆయన బొంత చూపించి, దారం ఇలా ఊరికే తెగిపోతోందని, వలకి ఏ దారం వాడతారని అడిగారు. తీసి పక్కన పెట్టుకున్న పాత దారం ముక్కలు ఆమె చేతిలో పోశారు. ఆమె వెలుతురు వైపు తిరిగి ఒక్కో ముక్కనీ వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇది తెగింది కాదు బాబూ. కోసింది," అంది. "రాయికి తగిలి సిరిగితే పోగులు పీక్కుపోయుంటాయి. సేప కొరికితే నలిగుంటాది. కత్తెడితేనే ఇలాగ తిన్నగుంటాది."

వాళ్ళ మరిది వల ఒకసారి ఎవరో కోసేశారని, అప్పుడు ఊళ్ళో పెద్దలు ఇలాగే చివర్లు చూసి తేల్చారని చెప్పబోయింది. చెబుతూ చెబుతూ నా వైపు చూసింది. నేను గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె మాట మధ్యలో ఆపేసి, ఈ రోజు వంజరం బాగుందమ్మా అని గంప సర్దుకుంది. నేను కొనకుండానే వెళ్ళిపోయింది.

ఇంట్లో మేమిద్దరమే. ఆయన ఆ ముక్కల్ని కిటికీ గట్టు మీద వరసగా పేర్చారు. తర్వాత తల ఎత్తకుండానే అడిగారు.

"నువ్వేనా?"

"నానే."

"ఎందుకే?"

అరుస్తారనుకున్నాను. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

"ముప్పై ఏళ్ళు కుట్టాను కదండీ," అన్నాను. "ఏటి కుడతన్నావు అని ఒక్కసారైనా అడిగారా?"

ఆయన నిజంగానే ఆలోచించారు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు నుదురు రుద్దుకున్నారు. చివరికి, "గుర్తు లేదే. అడగలేదేమో," అన్నారు. క్వార్టర్లో నేను ఏ మూల కూర్చుని కుట్టేదాన్నో కూడా గుర్తురావడం లేదని చెప్పారు. వంటింటి కిటికీ కింద, బియ్యం డబ్బా మీద కూర్చునేదాన్నని చెప్పాను. ఆయన తల ఊపి లేచి, స్కేలూ సుద్దముక్కా సొరుగులో పెట్టేశారు.

వారం రోజులు బొంతని ఎవరూ ముట్టుకోలేదు. చట్రంతో సహా గోడకి ఆనించి ఉంది. అమ్మాయి ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడిగితే, కళ్ళు నొప్పి పెడుతున్నాయని చెప్పారు. నా పేరు ఎత్తలేదు. నేను గెలిచాననే అనుకోవాలి, కానీ ఇంట్లో ఆ సూది లాగే చిన్న చప్పుడు లేకపోతే మధ్యాహ్నాలు గడిచేవి కావు. ఎనిమిదో రోజున వాన పట్టింది. బట్టలు ఆరవు, బయటికి వెళ్ళే పని లేదు. బొంత దించి, నేను కోసినచోటు నుంచే కుట్టడం మొదలుపెట్టాను.

కుట్టు సరిగ్గా వస్తే బాగుండేది. రాలేదు. ఆయన గీసిన గీత మీదే సూది పెడుతున్నా నా వరస పాములా మెలికలు తిరిగింది. రెండుసార్లు విప్పాను. నా కళ్ళజోడు మార్చాల్సి ఉందని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన పేపరు చదువుతున్నట్టే ఉన్నారు గాని, నేను విప్పిన ప్రతిసారీ పేజీ తిప్పడం ఆగిపోయేది. ఒక్క మాట కూడా సలహా ఇవ్వలేదు. మూడో రోజు ఆ ఇత్తడి టోపీ తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయారు. అది నా వేలికి వదులు. లోపల దూది పెట్టుకుని తొడుక్కున్నాను.

వానలు తగ్గేలోపు బొంత పూర్తయింది. నాలుగు అంచులూ నేనే మడిచి కుట్టాను. ఆఖరి ముడి వేసి దారం కొరికాక ఆయనకి చూపించాను. బాగుందన్నారు. ఎక్కడ బాగుందో చెప్పమన్నాను. ఆయన వంగి చూసి, మూలల దగ్గర మడత తనకెప్పటికీ రాదని, అది ఎలా వేశానో చూపించమని అడిగారు. ముఖం చూస్తే నిజంగానే అంటున్నారనిపించింది. చూపించాను.

మర్నాడు పెట్టె దగ్గర నిలబడి, ఆ టేబుల్ గుడ్డ తీసుకోనా అని అడిగారు. ఇంతకుముందు అడగకుండా తీసుకున్న మనిషి. సరేనన్నాను. నిజం చెప్పాలంటే ఆ పదకొండులో నాకు ఏమాత్రం ఇష్టం లేనిది అదే, అందుకే ఇచ్చాను. ఆరు రోజుల్లో ముగించేశారు. నాలుగో వైపు అంచు చూసి నాకు మిగతా మూడు వైపులూ విప్పి మళ్ళీ కుట్టాలనిపించింది. దిండు గలీబు మాత్రం నేను పూర్తిచేశాను. గౌను ఎవరికీ పనికిరాదని ముక్కలు చేసి వేరే పనికి దాచాను. చిలకల బొమ్మ పెట్టెలో లేదు. నా బీరువాలో, పట్టుచీరల కింద పెట్టి తాళం వేశాను. ఆయన చెయ్యి దాని మీద పడితే రెండో చిలక మొదటిదానికన్నా బాగా వస్తుందని నాకు తెలుసు.

చేపలామె మళ్ళీ మామూలుగానే వస్తోంది. ఆ రోజు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. బొంత అంచు చూసి, ఇది నీ సెయ్యి కదమ్మా అని మాత్రం ఒకసారి అంది. మెచ్చుకుందో, గుర్తుపట్టానని చెప్పిందో తెలియలేదు.

మొన్న పై అంతస్తు ఆవిడ వాళ్ళ అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది, సార్ కుట్టిన బొంత చూపిద్దామని. ఆయన కుర్చీలోంచి లేచి, "నన్నడక్కండమ్మా, అది ఆవిడ బొంత. నాను మధ్యలో కొంచెం సాయం పట్టానంతే," అన్నారు. ఆ మాట కోసమే నేను ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. విని నా ఒళ్ళు పొంగాలి. ఇంతలో ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సార్ ఎంత మంచివారండీ, అంతా చేసి పేరు మీకిచ్చేస్తున్నారు అని నాతో అన్నారు. బొంతని వదిలేసి ఆయన మంచితనాన్ని మెచ్చుకోవడం మొదలుపెట్టారు.

నేను లోపలికెళ్ళి బొంత తెచ్చి, నేను కుట్టిన ఆ మెలికల వరసల వైపు వాళ్ళ ముందుకు వచ్చేలా సోఫా మీద పరిచాను.