రూతమ్మగారి గుర్తులు

అరవైల తొలి యేళ్లలో, ఒక జూన్ నెలలో, కావలిలోని ఒక కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. లెక్చరర్లకు కింద, అటెండర్లకు పైన ఉండే ఉద్యోగం అది. మొదటి వారంలోనే నాకు అప్పగించిన పని పాత గాజు పలకలను పారేయించడం.

ఆ పలకల మీద ఫోటో ఫిలిముకు పూసేలాంటి మందు దళసరిగా పూసి ఉంటుంది. బెలూన్లకు కట్టి ఎత్తుకు పంపితే, ఆకాశం నుంచి వచ్చే కణాలు అందులోంచి దూసుకుపోతూ వెంట్రుక కన్నా సన్నని గీతలు వదులుతాయి. తర్వాత మైక్రోస్కోపు కింద ఒక్కో గీతనూ వెతికి, ఎక్కడుందో, ఎంత పొడవుందో రాసుకోవాలి. దీన్ని స్కానింగ్ అనేవాళ్లం. మా దగ్గర ఆ పనిని ఏళ్ల తరబడి చేసింది రూతమ్మగారు. శుక్లాలు ముదిరి ఆ ఏడే మానుకున్నారు.

ఫలితాలు అచ్చయిపోయాయి, సముద్రపు గాలికి పలకలు బూజు పడుతున్నాయి, బీరువా ఖాళీ చేయండని మా విభాగం హెడ్ గారి ఉత్తర్వు. పారేసే ముందు ఆవిడ నోటుబుక్కులు తిరగేశాను. అంకెల పక్కన చుక్కలు, కొక్కేలు, సున్నాలు. ఒక్కటీ అర్థం కాలేదు. వాటి అర్థం ఆవిడనే అడిగి రాసుకుంటానని నెల గడువు కోరితే, ప్రాక్టికల్సుకు అడ్డం రాకుండా చూసుకోమని ఆయన ఒప్పుకున్నారు.

రోజూ కాలేజీ వదలగానే చర్చి వీధిలోని ఆవిడ ఇంటికి వెళ్లేదాన్ని. పుస్తకం ఆవిడకు కనిపించదు. అందుకని ఒక్కో గుర్తునూ ఆవిడ అరచేతిలో నా వేలితో గీసేదాన్ని. ఆవిడ అర్థం చెబితే రాసుకునేదాన్ని. సున్నా గీసిన రోజు ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"అది నాకు తెలీని గీతమ్మా. మరకేమో, కొట్టెయ్యమన్నారు పైవాళ్లు. కళ్లారా చూసినాను గదా, మనసొప్పలేదు."

"కొట్టెయ్యలేదు కదండీ. పట్టికలోనూ అలాగే ఎక్కిస్తాను," అన్నాను. ఆవిడ మళ్లీ చెయ్యి చాపారు.

గుర్తుల పట్టిక పూర్తయింది. పలకలను స్పిరిటుతో తుడిచి, కాగితంలో చుట్టి, మేడమీది పొడి గదిలోకి మార్చాను. పట్టిక చూశాక, ఇక ఎవరైనా ఆ పలకలను మళ్లీ చదవొచ్చని హెడ్ గారు ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు.

కొన్నేళ్లకు ఒక పరిశోధకుడు పాత పలకల కోసం వెతుక్కుంటూ వచ్చాడు. నోటుబుక్కులూ మా పట్టికా పక్కన పెట్టుకుని, సున్నా గుర్తున్న గీతలన్నీ మళ్లీ కొలిచాడు. చాలావరకు మరకలే. రెండు మాత్రం నిజమైన గీతలు, అతనికి పనికొచ్చాయి. ఆ సంగతి చెప్పడానికి వెళ్లేసరికి రూతమ్మగారికి ఆపరేషనై, దళసరి కళ్లద్దాలు వచ్చాయి.

"రెండైనా ఉండాయా!" అని నా చెయ్యి పట్టుకున్నారు.

పదవీ విరమణ దాకా, నా కింద పనిచేసిన ప్రతివారి చేతా రికార్డు పుస్తకం మొదటి పేజీలో తాము వాడే గుర్తుల అర్థం రాయించాను. కొలిచిన మనిషి ఉండగానే అడిగి రాసుకోవాలి. ఆ తర్వాత అంకెలు ఎన్ని మిగిలినా, వాటి అర్థం చెప్పేవాళ్లుండరు.