పక్కింటివారి మొక్కుపుంజు

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మా పుంజు కూత ఇంకా ఉంది. పక్కింటి మావయ్యగారు తెల్లవారకముందే లేచి, మేడ మీద నిలబడి, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టిన కూత అది. దాని కింద "మనం బందరు టౌనులో ఉన్నామా, అడవిలో ఉన్నామా? అసోసియేషన్ వెంటనే చర్య తీసుకోవాలి" అని రాశారు. ఆ అసోసియేషన్‌కి ప్రెసిడెంటు ఆయనే. తనకి తానే అర్జీ పెట్టుకున్న మనిషిని నేను మరొకరిని చూడలేదు. దాని కింద ఒకరి తర్వాత ఒకరు దణ్ణాల బొమ్మలు పెట్టారు. వాళ్ళలో సగం మంది మా నాటుకోడి గుడ్లు తిన్నవాళ్ళే.

జాలర్ల రేవు గిలకలదిండి నుంచి ఈ లేఅవుట్‌లోకి వచ్చి ఇల్లు కట్టుకున్నప్పుడు మా అమ్మ నాకు రెండు కోడిపెట్టల్ని ఇచ్చింది. "ఒక్కదానివే ఉంటావు కదే, పలకరించడానికైనా ఉంటాయి" అంది. అప్పుడు నవ్వాను. మా ఆయన బోటు మీద వేటకెళ్తే ఇంట్లో నేనూ, నా కుట్టుమిషనూ తప్ప ఇంకెవరున్నారు? ఆ రెండూ పొదిగి, పిల్లల్ని చేసి, పెరడంతా నింపేశాయి. జెర్రి కనిపిస్తే చాలు, వెంటపడి పొడిచి తినేసేవి. పెరటి తలుపు చప్పుడైతే కాళ్ళకి అడ్డంపడేవి. అమ్మ పోయాక ఆ పెట్టల్లో పెద్దదాన్ని చూస్తే నాకు అమ్మే గుర్తొచ్చేది. అవంటే నాకు ప్రాణం. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

మావయ్యగారు వరసకి మావయ్య కాదు, పిలుపుకి మాత్రమే. ఇంత జరిగాక కూడా నా నోటికి 'గారు' అనకుండా ఉండటం రావడం లేదు. మా వైపు తిట్టుకునేటప్పుడు కూడా గారు వదలం. దివిసీమలో పొలాలున్న కుటుంబం వాళ్ళది. ఆయన ఉద్యోగం చేసి రిటైరయ్యాక ధ్యానంలో పడి నీసు మానేశారు. తను మానేసి ఊరుకోవచ్చుగా? ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వరు. అందుకని అత్తయ్యగారు ఆయన కునుకు తీసే వేళ చూసి మా వంటింట్లోకి వచ్చి, ఉడికిన గుడ్డు ఉప్పూకారం అద్దుకుని, నిలబడే తినేసి, నోరు పుక్కిలించి వెళ్ళేవారు. మంచి మనిషే అనుకునేదాన్ని.

వాళ్ళ అమ్మాయి నన్ను వదినా అని పిలిచేది. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి పుట్టింటికి వచ్చినప్పుడు, మా పెరటి మెట్టు మీద కూర్చుని కోడిపిల్లలకి నూకలు చల్లుతూ ఉండేది. మాటాపలుకూ ఉండేది కాదు. నేను వెళ్ళి దాని ఒళ్ళో ఇంకాసిని నూకలు పోసి వచ్చేదాన్ని.

మూడోసారి నెల తప్పాక ఓ రోజు అత్తయ్యగారు గోడ దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, మా పుట్టింటి అమ్మవారికి మొక్కుకున్నానే. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే పుంజునిస్తానని. మీ మావయ్యగారికి తెలిస్తే నన్ను బతకనివ్వరు. నీ కోడిపిల్లల్లో ఓ పుంజుపిల్లకి మొక్కు కడతాను, కాస్త పెంచి పెట్టవూ?"

"దానికేం భాగ్యమండీ అత్తయ్యగారూ" అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, అడుసని ముందు తెలిస్తే కదా!

నేను పుంజుపిల్లని పట్టుకుంటే ఆవిడ దాని కాలికి పసుపుదారం కట్టారు. మొక్కు కట్టిన పుంజుని అమ్మకూడదు, కొయ్యకూడదు, ఇంకో గడప ఎక్కించకూడదు. కట్టిన ఇంటినుంచి నేరుగా అమ్మవారి దగ్గరికే వెళ్ళాలి, అదీ బిడ్డ భూమ్మీద పడ్డాకే. మధ్యలో ఇల్లు మారితే మొక్కు చెడుతుంది. వాళ్ళ ఆనవాయితీ అది. మా అమ్మ కూడా అదే మాట అనేది. ఈ సంగతి మా ఆయనకి తప్ప ఇంకెవరికీ చెప్పనని అత్తయ్యగారు నా చేత కూతురి కడుపు మీద ఒట్టు వేయించుకున్నారు.

ఆ పుంజు మహారాజులా ఎదిగింది. ఎదగదూ మరి? రోజూ మావయ్యగారు కళ్ళు మూసుకుని ధ్యానంలో ఉండగా అత్తయ్యగారు గోడ మీంచి గుప్పెళ్ళతో సజ్జలు పోసేవారు. ఆయన ఇంటి గింజలు తిని ఆయన నిద్రే చెడగొట్టేది. కుయ్యకుండా ఉంచాలని నేను చెయ్యని పని లేదు. గూటి మీద గోనెలు కప్పాను. మెడ నిటారుగా ఎత్తితేనే కూస్తుందని, ఎత్తకుండా లోపల చెక్క అడ్డం పెట్టాను. గంప కింద మూసి బాత్రూములో పెట్టాను. అది బాత్రూములోంచి కూస్తే మైకు పెట్టినట్టు వీధంతా వినిపించేది. మొక్కుపుంజు కదా, దానికి ఎవరి భయం?

గ్రూపులో కూత పెట్టాక మావయ్యగారు వార్డు సచివాలయంలో కంప్లెయింటు ఇచ్చారు. శానిటేషన్ చూసే అమ్మాయి వచ్చింది. ఇళ్ళ మధ్య కోళ్ళు పెంచాలంటే అనుమతి ఉండాలంది. గూడు పక్కవాళ్ళ గోడకి దూరంగా ఉండాలంది.

"మూడు సెంట్ల స్థలమండీ మాది. ఏ మూల పెట్టినా ఎవరిదో ఒక గోడ తగులుతుంది. దూరం ఎక్కణ్ణించి తెమ్మంటారు?" అన్నాను.

ఆ అమ్మాయి మర్యాదస్తురాలు. గొంతు తగ్గించి, "మేడమ్, గొడవంతా కూత గురించే కదా. పుంజుని తీసేయండి. పెట్టల సంగతి నేను సర్దిచెప్తాను" అంది.

దారి చూపించింది పాపం. ఇంకెవరైనా అయితే దణ్ణం పెట్టి ఒప్పుకునేవాళ్ళు. గేటు బయట మావయ్యగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన వెనక అత్తయ్యగారు. వాళ్ళ కిటికీలో నిండు కడుపుతో ఆ పిల్ల. అత్తయ్యగారివైపు చూశాను. ఆవిడ కొంగు కొసని వేలికి చుట్టుకుంటున్నారు. ఒక్క మాట అంటే చాలు. మొక్కనక్కర్లేదు, అమ్మవారనక్కర్లేదు. "పోనీలెండి, కొన్నాళ్ళు ఓపిక పడదాం" అంటే చాలు. తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు.

"పుంజుని ఇప్పుడు తియ్యలేనండీ. కావాలంటే పెట్టలన్నిటినీ పంపించేస్తాను. దాన్నొక్కదాన్ని కొన్నాళ్ళు ఉండనివ్వండి" అన్నాను.

ఆ అమ్మాయి తెల్లబోయింది. "అందరూ పుంజు పోయినా పెట్టలుంటే చాలంటారు. మీరేంటండీ తిరగేసి చెప్తున్నారు?"

"ఇంకెందుకమ్మా, పందేలకి!" అన్నారు మావయ్యగారు. "బోటు మీద వచ్చేది చాలక పుంజుని మేపుతున్నారు. గిలకలదిండి వాళ్ళ సంగతి మనకి తెలియందా? ఏమే, నువ్వు రోజూ గోడ దగ్గర నిలబడి చూస్తూనే ఉంటావుగా, చెప్పు."

అత్తయ్యగారు నేల చూపులు చూస్తూ అన్నారు. "అయ్యుండచ్చు. మనకేం తెలుసు."

నా ఒళ్ళు భగ్గుమంది. మా ఆయన జన్మలో పుంజుని బరిలోకి దించలేదు. గోడ మీద పడ్డ సజ్జలు చూపించి, "ఇవి ఎవరి ఇంటివో అడగండి" అని అరవబోయాను. కిటికీలో ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తోంది. వేసిన ఒట్టు ఆ పొట్ట మీదే. నోటిదాకా వచ్చింది మింగేశాను.

పెట్టలు వెంటనే వెళ్ళిపోవాలి, పుంజుకి మాత్రం నెలాఖరు దాకా గడువు అని చెప్పి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. మా ఆయన వేటనుంచి వచ్చి విన్నాడు.

"నీకేమన్నా మతిపోయిందా? వాళ్ళ మొక్కుకి మన కోళ్ళు బలా? పోయి నిజం చెప్పెయ్. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం వాళ్ళు" అన్నాడు.

"వాళ్ళు ఇంకా ఏరు దాటలేదు. ఆ పిల్ల నడి ఏట్లో ఉంది" అన్నాను. ఆయన లేచి వెళ్ళి పుంజు గూటి మీద గోనె సర్ది వచ్చాడు.

పడుచు పెట్టల్ని రెండింటిని మా చెల్లెలు పట్టుకెళ్ళింది. ముదురు పెట్టల్ని పెంచుకోవడానికి ఎవరు తీసుకుంటారు? చికెన్ కొట్టు అతను వచ్చి కాళ్ళు కట్టి బండికి వేలాడదీసుకుని వెళ్ళాడు. అమ్మ ఇచ్చిన పెద్దది వాటిలోనే ఉంది. తలకిందులుగా వేలాడుతూ కూడా నా గొంతు వినపడితే కొక్కొక్కో అంది. నేను లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చుని, ఏం కుడుతున్నానో తెలియకుండా కుట్టాను. గోడవతల మావయ్యగారి ధ్యాన సంగీతం వినిపిస్తోంది. ప్రశాంతంగా ఉంటుందట ఆయనకి!

నెలాఖరు రాకముందే ఆ పిల్ల ప్రసవించింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఆ కబురు గ్రూపులో చూసి పెరట్లో చతికిలబడి ఏడ్చాను. కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆ క్షణం దాకా ఎంత భయాన్ని మోశానో అప్పుడే తెలిసింది.

బిడ్డని ఇంటికి తెచ్చే రోజునే మొక్కు తీర్చాలన్నారు అత్తయ్యగారు. తను మాత్రం రాలేరట. "ఎక్కడికని అడిగితే ఏం చెప్పనే? నువ్వే వెళ్ళిరా" అన్నారు. పుంజుని సంచిలో పెట్టి, తల బయటికి ఉంచి, అత్తయ్యగారి పుట్టింటి ఊరికని అవనిగడ్డ బస్సెక్కాను. పులిగడ్డ వంతెన మీద గాలి తగలగానే అది బస్సులో కూత పెట్టింది. ఎవ్వరూ విసుక్కోలేదు. ఒకాయన "మంచి గొంతమ్మా" అన్నాడు. గుడి దగ్గర ఎవరి పేరు మీదని అడిగితే ఆ పిల్ల పేరు చెప్పాను. నీకేమవుతుందని అడిగారు. మరదలన్నాను. కోసేటప్పుడు ముఖం తిప్పుకున్నాను. మాంసం అక్కడే ఇచ్చేశాను, నా నోటికెక్కదు. అమ్మవారి కుంకుమ మాత్రం పొట్లం కట్టించుకున్నాను.

సాయంత్రం బస్సు దిగి ఇంట్లోకి వెళ్ళి స్నానం చేశాను. నా పాత మెత్తని చీరతో కుట్టిన జుబ్బాలు కవర్లో పెట్టుకుని వాళ్ళ గేటు దగ్గరికి వెళ్ళాను. లోపల బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. సన్నటి గొంతు. అత్తయ్యగారు వచ్చారు గానీ గడియ తియ్యలేదు.

"ఒక్కసారి పాపని చూసి వెళ్తానండీ" అన్నాను.

"ఇప్పుడొద్దులే అమ్మాయ్. పసిగుడ్డు కదా. నువ్వేమో కోళ్ళలో తిరిగేదానివి, ఏం అంటుకుంటాయో ఏమో. మీ మావయ్యగారు వద్దన్నారు."

"మా ఇంట్లో కోళ్ళెక్కడున్నాయండీ అత్తయ్యగారూ?"

ఆవిడ ఒకసారి వెనక్కి, వాకిలివైపు చూసుకున్నారు. గొంతు తగ్గించి, "కుంకుమ తెచ్చావా?" అన్నారు. గేటు ఊచల మధ్యలోంచి చెయ్యి చాపారు.

ఇచ్చాను. బిడ్డ నుదుటికి కదా.