వరండాలో జోయెల్ రాడ్డు

మా కోడలు తబితా పుట్టింది టేకులపల్లిలో. కాపురం మా ఊరు ఖానాపురం హవేలిలో, ఉద్యోగం ఖమ్మంలో ఒక కళ్ళద్దాల దుకాణంలో. సన్నని మనిషి. పెళ్లైన కొత్తలో నిండు బిందె దించాలన్నా మా జోయెల్‌ను కేకేసేది. అలాంటి పిల్ల ఈ ఏడాది ఎట్లా మారిందో చెబుదామని కూర్చున్నాను. ఎందుకు మారిందో మాత్రం నాకు ఇప్పటికీ సగమే తెలుసు.

జోయెల్ నా చిన్న కొడుకు. కరెంటు లైన్‌మన్‌గా చేసేవాడు. పొద్దున్నే వరండాలో రబ్బరు షీటు మీద ఇనుప రాడ్డు పెట్టి, రెండు కొసలకూ ప్లేట్లు ఎక్కించి, నేల మీది నుంచి లేపేవాడు. పోయిన వానాకాలం ఒక పొద్దున నూరు కిలోలు ఎక్కించాడు. వాడికి అది ఒళ్లు వేడెక్కడానికట. ఇంకా వంగనే లేదు, ఏన్కూరు దిక్కున కొమ్మ విరిగి తీగల మీద పడిందని ఫోను వచ్చింది. "వచ్చి లేపుత అమ్మా, విప్పకు" అని బండెక్కాడు. తడి రోడ్డు మీద బండి జారింది. వాడు మళ్లీ ఇంటికి రాలేదు.

రాడ్డు అట్లాగే ఉండిపోయింది. వాడి కోసం ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక నాడు కుర్చీలు వేయడానికని మా పెద్దవాడు ప్రభు ప్లేట్లు విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను. వచ్చినవాళ్లు రాడ్డుకు అటూ ఇటూ కూర్చుని పాటలు పాడి వెళ్లారు. "సరే అమ్మా, ఏడాది కూడికకు మాత్రం తీసేస్త" అన్నాడు ప్రభు.

చలి మొదలైనాక ఒక సాయంత్రం తబితా ఆలస్యంగా వచ్చింది. అరచేతులు ఎర్రగా కంది ఉన్నాయి.

"ఏంది బిడ్డా గిట్లయినయ్?"

"జైరాం సార్ జిమ్ముకు పోయిన అత్తమ్మా. ఇగ రోజు పోత."

జైరాం తండా పిల్లవాడు, మా జోయెల్‌కు నేర్పింది అతనే.

"ఎందుకే నీకు?"

"బావ వచ్చి ప్లేట్లు విప్పుడు నాకు ఇష్టం లేదు. ఆయన లేపుతనని పోయిండు. నేను లేపుత. లేపినంక మనమే తీసేద్దాం."

చివరి మాట ఒక్కటే నా చెవిలో నిలబడింది. ఈ పిల్లకు శక్తి ఇమ్మని ప్రార్థన చేయాలా, వద్దని చేయాలా? రెండు రకాలుగానూ మొదలుపెట్టి, రెండూ మధ్యలో ఆపేశాను.

మొదట చేతికి కర్ర ఇచ్చారట. వీపు వంగకుండా తుంటిని వెనక్కి నెట్టడం నేర్పారట. తరువాత ఉత్త రాడ్డు, ఆ తరువాత చిన్న ప్లేట్లు. ఇంట్లో చీపురుకట్ట పట్టుకుని అదే చేస్తుంటే నేను కూర తరుగుతూ చూసేదాన్ని. కొన్ని వారాలు బరువు పెంచేవారు. ఒక్కో వారం కావాలనే తగ్గించేవారు. తగ్గిస్తేనే తరువాత పెరుగుతుందట, అదేమి లెక్కో. ఈస్టరుకు ముందు శ్రమకాలంలో మేమంతా ఒక పూట అన్నం మానేస్తే ఆ పిల్ల ఉడకబెట్టిన గుడ్లు తినేది. అదేమంటే "దేవునికి తెలుసులే అత్తమ్మా" అనేది. భుజాలు నిండి జాకెట్లు బిగుసుకుపోయాయి. నేనే కూర్చుని కుట్లు విప్పి వదులు చేశాను. ఆపాలనుకున్నదాన్ని, ఆ పని ఎందుకు చేశానో.

పక్కింటి పద్మావతమ్మ ఊరుకోదు కదా, గోడ మీది నుంచి తల పెట్టింది.

"విశ్రాంతమ్మక్కా, నీ కోడలు ఇట్లనే చేస్తే రేపు మా ఆయన్ని గూడ ఎత్తి అవతల పడేస్తది."

"మీ ఆయన్ని ఎత్తనీకి జిమ్ము దాకా ఎందుకే" అన్నాను.

జోయెల్ పోయాక నేను నవ్వింది ఆ రోజే. నవ్వినాక ఎటు చూడాలో తెలియలేదు.

ఎండలు ముదిరేసరికి జిమ్ములో నూరు కిలోలు లేపేసిందట. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకుని, జోయెల్ రాడ్డు ముందు నిలబడింది. వంగి పట్టుకుంది. ప్లేట్లు నేలను వదిలాయో లేదో, రాడ్డు వేళ్లలోంచి జారి దబ్బున పడింది. మళ్లీ పట్టింది, మళ్లీ జారింది.

"జిమ్ముల వచ్చింది అత్తమ్మా. ఆయనది నాకు రాదేమో" అని గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం ముట్టలేదు. రాడ్డు ఉంటుందని నా మనసు కుదుటపడాలి కదా, పడలేదు.

ఏడాది కూడిక దగ్గర పడ్డాక జైరాం చూసిపోదామని వచ్చాడు. రాడ్డు మీద వేలు రాసి వాసన చూశాడు.

"ఆంటీ, దీనికి కొబ్బరినూనె పెట్టిందెవరు?"

"నేనే అయ్యా. వానకు తుప్పు పడుతదని శనివారం శనివారం రాస్త. కుట్టు మిషన్‌కు గూడ పెడత కదా."

"చెయ్యి జారకుండనే ఈ గరుకు పెడతరు ఆంటీ. దాంట్ల నూనె నింపినవ్. అడవిల ఎలుగుబంటి వచ్చినా దీన్ని లేపలేదు."

నా కొడుకు చేతులు పట్టే చోటే నేను ఎక్కువ రాశాను. తబితా నా వైపు చూసింది. కడగడానికి లేచింది.

"ఉండు బిడ్డా. నేను కడుగుత."

సబ్బు పొడి, పాత పళ్ల బ్రష్ తెచ్చుకుని నేల మీద కూర్చున్నాను. గరుకులోంచి నల్లని జిడ్డు వచ్చింది. దానితో కొంచెం తెల్లని పొడి కూడా వచ్చింది, చేతులకు వాడు రాసుకునేది. అది చూసి ఆగుదామనుకున్నాను. చెయ్యి ఆగలేదు. నీళ్లు పోసి, పాత తువ్వాలుతో తుడిచాను.

ఆరినాక తబితా చేతులకు పొడి రాసుకుని వంగింది. ప్లేట్లు నేల వదిలాయి. మోకాళ్ల దగ్గరకు వచ్చి రాడ్డు ఆగిపోయింది. పిల్ల మెడ నరాలు తేలాయి.

"లేపు బిడ్డా, లేపు" అని నేనే అన్నానట. నాకు తెలియదు, జైరాం తరువాత చెప్పాడు.

నిటారుగా నిలబడింది. మెల్లగా దించింది. ఊపిరి అందుకుని నన్ను చూసింది.

"తీద్దామా అత్తమ్మా?"

"తియ్" అన్నాను. ఒక పక్క తను విప్పింది. రెండో పక్క క్లిప్పు తీయడం నాకు చేతకాలేదు, జైరాం చూపించాడు.

కూడిక నాడు ప్రభు వచ్చి, ఖాళీ వరండా చూసి, కుర్చీలు వేశాడు. మరునాడు ఊడుస్తూ ఆ చోటికి రాగానే నా చీపురు అలవాటుగా పక్కకు తిరిగింది. రబ్బరు షీటు మీద ప్లేట్లు ఒత్తుకున్న గుంటలు అట్లాగే ఉన్నాయి. జిమ్ముకు పోతూ తబితా వాటి మధ్య నుంచే నడిచి వెళ్లింది. ఆమె గేటు దాటినాక నేనూ అక్కడ ఊడ్చాను.